దుర్గి దగ్గర కదలని మనుబోతులు

మే నెల పల్నాడు ఎండ ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మాచర్లలో పుట్టి మాచర్లలోనే పెరిగాను. అయినా మా ప్రాజెక్టు నడిపే సుధీర్ బాబు సార్ నగరం నుంచి వచ్చిన మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, ఇక్కడ ఎండ ఎక్కువని గంటసేపు పాఠం చెప్పారు. ఏసీ గదిలో కూర్చుని చెప్పారు కాబట్టి ఓపిగ్గా విన్నాను. ఓపిక నాకు అంత తేలిగ్గా వచ్చేది కాదు. ఆ సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

మా ప్రాజెక్టు పని వినడానికి పెద్దది, చెప్పడానికి చిన్నది. ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. అడవిలో ఏ చోటు జంతువులకు ముందుగా పనికిరాకుండా పోతుందో, ఏ చోటు ఇంకొన్నాళ్ళు నిలబడుతుందో లెక్కగట్టి మ్యాపు మీద రంగులు వేయాలి. ఎరుపంటే ప్రమాదం, పసుపంటే ఇప్పటికి ఫరవాలేదు, ఆకుపచ్చంటే హాయి. ఆ రంగులు వేసేది నేను. మా అమ్మ జాన్‌బీ మాత్రం వచ్చినవాళ్ళందరితో, "మా ఫర్హీన్ ఎమ్మెస్సీ చదివి బొమ్మలకు రంగులేస్తా ఉంది" అని చెబుతుంది.

మ్యాపు గోడకు తగిలించుకోవడానికి కాదు. వేసవిలో జంతువుల కోసం అడవిలో అక్కడక్కడా సిమెంటు తొట్లు కట్టి ట్యాంకరుతో నీళ్ళు పోస్తారు. ఈ వైపు అడవికంతటికీ ప్రాజెక్టు ఇచ్చిన ట్యాంకరు ఒక్కటే. అది ఎక్కడికి పోవాలో మ్యాపు చెబుతుంది. నేను అన్నిటికంటే ముదురు ఎరుపు వేసిన చోటు ఎర్రబోడు. ఒక బోడి గుట్ట, దాని కింద చూరులా ముందుకొచ్చిన బండ, బండ పక్కన తొట్టి. ఆ చూరు కింద ఒక కొండగొర్రె ఉండేది. పేరులో గొర్రె ఉంది గానీ అది గొర్రె కాదు, చిన్న జింక. మగదానికి నాలుగు కొమ్ములుంటాయి. ఇది ఆడది, పక్కన పిల్ల కూడా ఉంది. ఈ జాతి నీళ్ళు లేకుండా ఎక్కువ రోజులు నెగ్గుకురాలేదు.

చలికాలం నుంచీ ఆ తల్లినీ పిల్లనూ దూరం నుంచి చూస్తున్నాను. పిల్లకు చెవులు ఒంటికి మించిన సైజు. నాకు వాటి మీద చెప్పలేనంత ప్రేమ. శాస్త్రం చదివినవాళ్ళు అలా అనకూడదట. నేను అంటాను.

ఇంతలో సుధీర్ బాబు సార్ డ్రోన్ తెచ్చారు. దానికి వేడిని చూసే కెమెరా ఉంది. పొద్దు వాలాక పైనుంచి చూస్తే చల్లబడిన నేల నల్లగా, వెచ్చటి ఒళ్ళు ఎర్రటి చుక్కల్లా తెర మీద కనిపిస్తాయి. చుక్కలను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ సార్ సొంతంగా రాయించారు. దాని లెక్క ప్రకారం చుక్క వేడిగా ఉండాలి, ఆకారం జంతువుది అయి ఉండాలి, కదలకుండా ఉండాలి.

"కదలకుండా ఎందుకు సార్?" అని అడిగాను.

"ఇక్కడ కదిలేవన్నీ మేకలు, బైకులు, మనుషులు. వాటిని ఎర్రర్ కింద తీసేస్తుంది. వన్యప్రాణి ఆ టైముకి రెస్ట్ తీసుకుంటుంది" అన్నారు సార్.

వన్యప్రాణికి ఆ టైములో దాహం వేయదా అని అడగబోయాను. అప్పటికే డ్రోన్ లేచింది.

మర్నాడు ఆఫీసులో ఒకటే సంబరం. సార్ లడ్డూలు తెప్పించారు. ఎర్రబోడు దగ్గర ఒక్క చుక్క కూడా పడలేదు. బండ చూరు కిందున్నది పైనుంచి ఎలా కనబడుతుంది? దుర్గి పక్కన, గుట్ట వెనకాల మాత్రం తెర నిండా చుక్కలే. కాళ్ళు ముడుచుకు కూర్చున్న మనుబోతులు, అంటే నీల్‌గాయిలు, మందలు మందలుగా ఉన్నాయి. వాటి మధ్య ముందుకాళ్ళు చాపుకు కూర్చున్న చిరుతలు. ఒక మూల ఏనుగు.

"ఏనుగా సార్?"

"వలస వచ్చి ఉంటుంది. క్లైమేట్ చేంజ్."

"మనుబోతుల మధ్య చిరుతలు కూర్చున్నాయేంటి సార్?"

సార్ కుర్చీ నాకు దగ్గరగా లాక్కున్నారు. గొంతు తగ్గించారు. "అదే ఫర్హీన్ మన డిస్కవరీ. ఎండ దెబ్బకి వేటాడేవీ, వేటకు బలయ్యేవీ వైరం మర్చిపోయి ఒక్కచోట చేరాయి. ప్రపంచంలో ఇంకెక్కడా రికార్డు కాలేదు."

ఎందుకు అవుతుంది? ఆ చోటు మ్యాపు మీద చూడగానే గుర్తుపట్టాను. ఆ మలుపు, ఆ చింతచెట్టు, ఆ రేకుల షెడ్డు నాకు తెలుసు. లడ్డూ అక్కడే పెట్టేసి స్కూటీ తీశాను.

అది చెన్నకేశవాచారి బాబాయ్ శిల్పాల దొడ్డి. దుర్గిలో తరతరాలుగా రాయి చెక్కేవాళ్ళలో ఆయనొకడు. నందులు, సింహాలు, గుళ్ళ ముందు నిలిపే ఏనుగులు చేస్తాడు. చెక్కిన బొమ్మను వెంటనే అమ్మరు. ఒక వేసవంతా ఎండలో ఉంచుతారు. లోపల పగులుంటే ఎండకు సాగుతుంది. సాయంత్రం నీళ్ళు పోసి చూస్తే రాయంతా ఆరినా పగులు మాత్రం తడి గీతలా నిలిచిపోతుంది. పగులున్న బొమ్మను అమ్మరు, పగలగొట్టరు. దొడ్డి వెనకాల వరసగా కూర్చోబెడతారు.

నేను వెళ్ళేసరికి అవన్నీ ఎండలో కూర్చుని ఉన్నాయి. ఒక నంది వీపు మీద చెయ్యి వేసి వెంటనే లాక్కున్నాను. పెనం మీద వేసినట్టయింది.

"నీళ్ళు పొయ్యట్లేదా బాబాయ్?"

"యాడున్నయ్యమ్మా నీళ్ళు? బోరు ఎండి నెలైంది. తాగేదానికే మీ పిన్ని బిందె పట్టుకుని ఊరంతా తిరగతంది. ఇయ్యి పగలంతా కాగి, చీకటి పడ్డా సెగ కక్కతన్నయ్" అన్నాడు బాబాయ్.

ఆయన భార్య సుబ్బరత్నం పిన్ని లోపలి నుంచి కేకేసింది. "నిన్న సాయంత్రం నెత్తిన ఏదో గుయ్యిమంటా తిరిగింది. నేను చీపురు చూపిచ్చా."

అంటే ఆ ఇద్దరూ కూడా కెమెరాలో పడ్డారు. కదిలారు కాబట్టి సాఫ్ట్‌వేర్ తీసేసింది. దొడ్డిలో ప్రాణమున్న ఇద్దరినీ వదిలేసి, లేనివాటన్నిటినీ లెక్కపెట్టింది.

తిరిగొచ్చి సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోన్లో నందుల ఫొటోలు చూపించాను. ఆయన ఫోన్ నాకు తిరిగిచ్చేశారు.

"అక్కడ శిల్పాలు ఉండొచ్చు ఫర్హీన్. శిల్పాలు ఉన్నంత మాత్రాన జంతువులు లేవని ఎలా చెబుతావు?"

నా ఒళ్ళు మండింది. "సార్, ఆ ఏనుగుకు దంతం మీద ధర్మకర్త పేరు చెక్కి ఉంది."

"రిపోర్టు వెళ్ళిపోయింది. పైవాళ్ళు అభినందించారు. శుక్రవారం రేంజ్ ఆఫీసర్ అపర్ణ మేడమ్ వెరిఫికేషన్‌కి వస్తున్నారు. అప్పటిదాకా ఎవరూ ఆ చోటికి దగ్గరగా వెళ్ళొద్దు. జంతువులు బెదిరిపోతాయి."

రాళ్ళు బెదిరిపోతాయట. సరే, అది నవ్వుకుని వదిలేద్దును. అసలు దెబ్బ తర్వాత తగిలింది. కొత్త మ్యాపులో ఎర్రబోడు తెల్లగా అయిపోయింది. జంతువులు లేని చోట ప్రమాదం ఎవరికి అని సార్ వాదన. ట్యాంకరు ఎర్రబోడుకు ఆగిపోయి, శుక్రవారం నుంచి దుర్గి దొడ్డికి రాసిపెట్టారు. నేను అరిచాను. తలుపు ధడాలున వేశాను. నా గొంతు కింద టీ కొట్టుదాకా వినిపించిందట. ఏమీ మారలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే స్కూటీ మీద రెండు డబ్బాల నీళ్ళు కట్టుకుని ఎర్రబోడుకు పోవడం మొదలుపెట్టాను. దారంతా గతుకులు. డబ్బాలో సగం నా చుడీదారే తాగేది. మిగిలింది తొట్టిలో పోస్తే అడుగు తడిసేది, పదింటికల్లా ఎండ తాగేసేది. మొదట్లో తొట్టి చుట్టూ పెద్ద అడుగులూ చిన్న అడుగులూ కనిపించేవి. బుధవారం చిన్నవి తక్కువ కనిపించాయి. గురువారం పెద్దవే ఉన్నాయి. బండ కింద వంగి చూశాను, ఏమీ కనపడలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి బాగానే ఏడ్చాను.

శుక్రవారం సాయంత్రం గుట్టకు ఇవతల షామియానా వేశారు. కుర్చీలు, కూల్‌డ్రింకులు, పెద్ద తెర. అపర్ణ మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. సార్ ఇచ్చిన పూలగుత్తి జీపు డ్రైవరు చేతిలో పెట్టేసి, తెర ముందు కూర్చున్నారు. నేను ఆవిడ చెవిన ఒక మాట వేద్దామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ సార్ మధ్యలోకి వచ్చి బిస్కెట్లు పట్టారు.

డ్రోన్ గుట్ట దాటింది. తెర మీద చుక్కలు దేదీప్యమానంగా వెలిగాయి.

"చూడండి మేడమ్, ఎంత ప్రశాంతంగా ఉన్నాయో" అన్నారు సార్.

"ఒక్కటీ తోక కూడా ఊపట్లేదు" అన్నారు మేడమ్.

"ఎనర్జీ సేవ్ చేసుకుంటున్నాయి."

సరిగ్గా అప్పుడే గుట్ట అవతల లారీ హారన్ వినిపించింది. మా నూర్ మొహమ్మద్ చాచా హారన్ అది. మాచర్లలో మా పక్కిల్లే. మేమిద్దరం ఉర్దూలో మాట మొదలుపెట్టి తెలుగులో పోట్లాడుకుంటాం. ట్యాంకరు నడిపేది ఆయనే. రాసిపెట్టిన ప్రకారం ఆ రోజు మొదటి ట్రిప్పు. తెర మీద పెద్ద చల్లటి నల్లటి డబ్బా ఒకటి దొడ్డిలోకి వచ్చి ఆగింది. కాసేపటికి ఒక మూలనున్న మనుబోతు మసకబారింది.

మసకబారి మాయమైంది.

సార్ తెరకు దగ్గరగా జరిగారు. పక్క మనుబోతు మాయమైంది. దాని పక్కది కూడా. వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి ఎరుపు నుంచి నలుపుకు తిరిగి ఆరిపోతున్నాయి. సార్ మొహంలో రంగు కూడా వాటితోపాటే పోతోంది.

"ఏం జరుగుతోంది?" అన్నారు మేడమ్.

"పోతున్నాయి మేడమ్." సార్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నారు. "వడదెబ్బ. మన కళ్ళ ముందే అంతరించిపోతున్నాయి."

చిరుత ఒకటి సగానికి ఆరి ఆగింది. తల మాత్రం ఎర్రగా మిగిలింది.

"ఇది పోరాడుతోంది" అన్నారు సార్. కళ్ళు తుడుచుకున్నారు. నేను చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఎంత కుక్కుకున్నా నవ్వు ముక్కులోంచి వస్తోంది. ఆయన అది దుఃఖమనుకుని నా భుజం తట్టారు.

ఏనుగు ఆరిపోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. అది పూర్తయ్యేదాకా సార్ నిలబడే ఉన్నారు.

"పదండి, కళేబరాలు చూడాలి" అని మేడమ్ లేచారు. అడ్డుపడే ఓపిక సార్‌కు లేదు. అందరం జీపెక్కి గుట్ట చుట్టి వెళ్ళాం.

దొడ్డిలో సుబ్బరత్నం పిన్ని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ట్యాంకరు పైపు చేత్తో పట్టుకుని, సింహం మొహం మీద నీళ్ళు కొడుతోంది. చారి బాబాయ్ వెనకాలే టార్చిలైటు వేసి పగుళ్ళు వెతుక్కుంటున్నాడు. నూర్ చాచా ఏనుగు పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏంది చాచా ఇది?" అన్నాను.

"నన్నంటే ఎట్టా? ఫోన్లో చుక్క యాడుంటే ఆడ నీళ్ళు పొయ్యమన్నారు. చుక్క ఈడ ఆగింది. తొట్టి యాడని అడిగితే ఈ అక్క పైపు లాక్కుంది."

"లాక్కోకేంది?" అంది పిన్ని, పైపు వదలకుండానే. "గవుర్మెంటోళ్ళు రాళ్ళు కడుక్కోను నీళ్ళు పంపిచ్చారు, చానా మంచోళ్ళు అనుకున్నా. ఎవురమ్మా మీరంతా? చెప్పులు ఆడ ఇప్పండి, ఇయ్యి దేవుడి బొమ్మలు."

అపర్ణ మేడమ్ బూట్లు విప్పారు. నెమ్మదిగా నడిచి ఒక నంది ముందు నిలబడి, సార్ వైపు తిరిగారు.

"ఇది ఏ జాతి మనుబోతండీ?"

సార్ నంది వీపు మీద చెయ్యి వేశారు. "ఇప్పుడు చల్లగా ఉంది మేడమ్" అన్నారు నీరసంగా. నాకు మొదటిసారి ఆ మనిషి మీద జాలేసింది. అంత నిజంగా ఏడ్చాడు పాపం, రాళ్ళ కోసమైతే మాత్రం ఏం?

ఆ జాలి వల్లనో ఏమో, నా గొంతు లేవలేదు. మామూలుగానే చెప్పాను. ఎర్రబోడు గురించి, బండ చూరు గురించి, పైనుంచి కనపడని తల్లీపిల్లల గురించి, నిన్న కనిపించని చిన్న అడుగుల గురించి. మేడమ్ మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. చివర నూర్ చాచాను అడిగారు.

"ట్యాంకరులో ఇంకా ఎంతున్నాయి?"

"పావు ఉంటయ్ మేడమ్."

సుబ్బరత్నం పిన్ని పైపు కట్టేసింది. "ముందే చెప్పకూడదా అమ్మాయ్? నోరు లేని జీవాల నీళ్ళు నాతో పోయిచ్చారు" అని నా మీదే విసుక్కుంది.

ఆ రాత్రికి నీళ్ళు చేరతాయి, సరే. రేపటి సంగతేమిటి? ట్యాంకరును పంపేది ప్రాజెక్టు కంప్యూటరు. అది మ్యాపు మాట తప్ప ఎవరి మాటా వినదు. సార్ తల వంచుకుని వివరించారు.

"పైవాళ్ళకి రాసి మార్పించాలంటే వానలు పడిపోతాయి మేడమ్. ఏ చోటికైనా కనీసం రెండు చుక్కలు పడాలి. వేడిగా, జంతువు ఆకారంలో, కదలకుండా."

చారి బాబాయ్ టార్చిలైటు ఆర్పి, దొడ్డి వెనక్కు చూశాడు.

"కదలకుండా ఉండేయి మా కాడ శానానే ఉన్నయ్యమ్మా. పార్కుకని జింకలు చేశా. రెంటికీ పగులొచ్చింది. ఆడ కూకోనున్నయ్ ఉత్తినే."

నేను మేడమ్ వైపు చూశాను. సార్ కూడా చూశారు. ఆవిడ మాత్రం గుట్ట వైపు తిరిగి ఏదో పిట్టను చూస్తున్నట్టు నిలబడ్డారు.

"నాకు సరిగ్గా వినపడలేదు" అన్నారు. "జీపు వెనక మాత్రం ఖాళీగానే ఉంది."

రాతి జింకలను ఎత్తడానికి అందరం తలో చెయ్యి వేశాం. అందరికంటే ఎక్కువ ఆయాసపడింది సుధీర్ బాబు సారే. ఎర్రబోడు బండ మీద, రోజంతా ఎండ తగిలే చోట వాటిని దింపాం. కింద నూర్ చాచా తొట్టి నింపుతున్నాడు. ఇక పోదామంటే చారి బాబాయ్ కదలడు. సంచిలోంచి ఉలి తీశాడు.

"ఇంకేంది బాబాయ్?"

"కళ్ళు పెట్టలేదమ్మా. బొమ్మ దాని చోటికి చేరినాకే కళ్ళు చెక్కతాం. పగులొచ్చినయ్యని వీటికి ఎప్పటికీ పెట్టేదే లేదనుకున్నా. చోటు దొరికిందిగా."

జీపు లైటు వెలుతురులో ఆయన కళ్ళు చెక్కుతుంటే సార్ రాతిపొడి ఊదుతూ కూర్చున్నారు. ఆ సాయంత్రమంతటిలో ఆయన చేసిన పనికొచ్చే పని అదొక్కటే. అయినా శ్రద్ధగా చేశారు.

రాతి జింకలు రెండు రోజులు ఎండలో కాగాక, ఆదివారం పొద్దు వాలగానే మళ్ళీ డ్రోన్ లేపాం. షామియానా లేదు, లడ్డూలు లేవు. నేనూ సారూ స్కూటీ సీటు మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాం. అంత దాకా వచ్చాక నాకు చూడాలంటే భయం వేసింది. నీళ్ళు ఆలస్యంగా చేరాయేమో, ఇప్పుడు మేం రాళ్ళకే కాపలా కాస్తున్నామేమో అని లోపల ఒకటే పీకుతోంది.

బండ మీద రెండు చుక్కలు వెలిగాయి. ఎర్రగా, పద్ధతిగా, కదలకుండా.

"వచ్చేశాయి. రెండూ లెక్కలో పడ్డాయి. రేపటి నుంచి ట్యాంకరు ఇక్కడికే" అన్నారు సార్. నిజంగానే సంతోషపడ్డారు. అంతలో మొహం చిట్లించారు. "ఇదేంటి, చూరు కిందనుంచి ఏదో వస్తోంది."

మూడో చుక్క. అది ఆగి, చుట్టూ చూసి, తొట్టి వైపు నడిచింది. సాఫ్ట్‌వేర్ వెంటనే దాని చుట్టూ పసుపు గీత గీసి కొట్టేసింది.

"ఎర్రర్" అన్నారు సార్. "కదులుతోంది కదా, తీసేసింది. ఇంకోటి కూడా వస్తోంది దాని వెనకాల. అదీ ఎర్రరే. చిన్నది."

నేను లాప్‌టాప్ మీదికి వంగాను. ఆ చిన్న ఎర్రర్‌కు చెవులు ఒంటికి మించిన సైజులో ఉన్నాయి.